దాంపత్య కలహాలకు మూలమెక్కడ?

ఆలుమగల కలహం అద్దం మీద పెసరగింజ నిలిచినంత సేపేనని మన పెద్దలు చెప్పారు. ఆ మాట వెనుక తరతరాల అనుభవం ఉంది. ఉదయం పిల్లవాడి ట్యూషన్ ఫీజు దగ్గర మొదలైన మాటామాటా సాయంత్రం కాఫీ వేళకు కరిగిపోవడం ప్రతి ఇంటా చూస్తూనే ఉంటాం. అటువంటి కలహాలకు వైద్యం అక్కరలేదు. కాలమే వాటికి వైద్యుడు. అయితే మరొక రకం కలహం ఉంది. ఎన్నిసార్లు సర్దుబాటు చేసుకున్నా అది తిరిగి వస్తుంది. విషయం మారుతుంది. ఒకసారి డబ్బు, ఒకసారి అత్తగారు, ఒకసారి పెళ్ళికి ఆలస్యంగా బయలుదేరడం. మాటల వరుస మాత్రం మారదు. ఎవరు ముందు గొంతు పెంచుతారో, ఎవరు తలుపు వేసుకుని మౌనం వహిస్తారో, ఎన్నో నాటికి ఎవరు ముందుగా పలకరిస్తారో ఇంట్లోని పిల్లలు సైతం ముందే చెప్పగలరు.

యంత్రాల మధ్య బతుకు గడిపే మనకు ఇటువంటి పరిస్థితి కొత్తది కాదు. ఒక పంపులో బేరింగు ఆరు నెలలకొకసారి కాలిపోతూ ఉంటే, ప్రతిసారీ కొత్త బేరింగు వేసి చేతులు దులుపుకోవడం మరమ్మతు అనిపించుకోదు. మోటారు షాఫ్టు, పంపు షాఫ్టు ఒకే సరళరేఖలో ఉన్నాయా, పునాది ఒకవైపు కుంగిందా, పైపుల బరువు పంపు మీద పడుతున్నదా అని చూడాలి. వేడి కనిపించేది బేరింగులో. దోషం దాగి ఉన్నది మరొకచోట.

దాంపత్యంలో పదేపదే తిరిగి వచ్చే కలహాన్ని గురించి ఇదే ప్రశ్న వేసుకున్న చికిత్సా విధానం ఒకటి ఉంది. దానిని సైకోడైనమిక్ దాంపత్య చికిత్స అంటారు. తెలుగులో మనోగతిక చికిత్స అనవచ్చు. మన ఎరుకకు అందని కోరికలు, భయాలు మనసు లోపల ఒకదానినొకటి తోసుకుంటూ, అణచుకుంటూ ఉంటాయనీ, వాటి గతిని గ్రహిస్తే పైకి వింతగా తోచే ప్రవర్తన అర్థవంతమవుతుందనీ దాని మూలసూత్రం. ఈ విధానం ఎలా పుట్టింది, ఎలా పనిచేస్తుంది, మన కుటుంబాలకు ఎంతవరకు ఉపకరిస్తుంది అన్న విషయాలను ఇక్కడ పరిశీలిద్దాం.

అత్త మీద కోపం దుత్త మీద

ఒకరి మీద కలిగిన కోపం వేరొకరి మీదికి మళ్ళుతుందన్న సంగతి తెలుగువారికి ఎవరూ బోధించనక్కరలేదు. "అత్త మీద కోపం దుత్త మీద" అన్న సామెతలో అది ఉండనే ఉంది. వియన్నా నగరంలో సిగ్మండ్ ఫ్రాయిడ్ చేసిన పని, ఆ సత్యాన్ని వైద్యశాలలోకి తీసుకువచ్చి క్రమబద్ధంగా పరిశీలించడం. తన వద్దకు వచ్చే రోగులు తనను ఒక వైద్యునిగా మాత్రమే చూడడం లేదనీ, చిన్ననాట తల్లి మీద, తండ్రి మీద కలిగిన ప్రేమను, భయాన్ని, కోపాన్ని తెలియకుండానే తన మీదికి మళ్ళిస్తున్నారనీ ఆయన గమనించాడు. 1905లో ప్రచురించిన 'డోరా' అనే యువతి చికిత్సా వృత్తాంతంలో దీనిని విపులంగా చర్చించాడు. ఈ ప్రక్రియను భావ బదలాయింపు అనుకోవచ్చు.

వైద్యుని మీదికే ఇన్ని పాత భావాలు బదిలీ అవుతుంటే, ఒకే కప్పు కింద దశాబ్దాల పాటు కలిసి బ్రతికే భార్యాభర్తల మధ్య ఎన్ని బదిలీ కావాలి? ఈ ప్రశ్న సహజమైనదే. కాని దానికి సమాధానం వెదకడానికి మనోవిశ్లేషకులకు చాలా కాలం పట్టింది. చికిత్స అంటే ఒక రోగి, ఒక వైద్యుడు, మూసిన తలుపు అన్న నియమం బలంగా ఉండేది. రోగి భార్యను గాని భర్తను గాని వైద్యుడు చూడడమే తప్పుగా భావించేవారు.

మనోవిశ్లేషణ కేవలం పాశ్చాత్యుల విద్య అని అనుకోవడం సరికాదు. డాక్టర్ గిరీంద్రశేఖర్ బోస్ 1922లోనే కలకత్తాలో భారతీయ మనోవిశ్లేషణ సంఘాన్ని స్థాపించాడు. ఫ్రాయిడ్‌తో ఆయన ఉత్తర ప్రత్యుత్తరాలు జరిపాడు. జరపడమే కాక, కొన్ని విషయాలలో విభేదించాడు కూడా. మనలో కలిగే ప్రతి కోరిక వెనుకా దానికి సరిగ్గా వ్యతిరేకమైన కోరిక ఒకటి అణగి ఉంటుందని బోస్ ప్రతిపాదించాడు. దగ్గర కావాలన్న కోరిక వెంటనే దూరం కావాలన్న కోరిక, ఆధారపడాలన్న ఆశ వెంటనే ఎవరిమీదా ఆధారపడకూడదన్న పట్టుదల. సంసారం చేసిన వారెవరికైనా ఈ మాటలో వాస్తవం కనిపించక మానదు.

యుద్ధానంతర లండన్

భార్యాభర్తల బంధాన్నే చికిత్సకు విషయంగా తీసుకున్న ప్రయత్నాలలో ముఖ్యమైనది లండన్‌లో జరిగింది. రెండవ ప్రపంచ యుద్ధం లక్షలాది దంపతులను ఏళ్ళ తరబడి వేరుచేసింది. యుద్ధం ముగిసి సైనికులు ఇళ్ళకు తిరిగి వచ్చేనాటికి, ఎదురుచూసిన భార్య మారిపోయింది. తిరిగి వచ్చిన భర్తా మారిపోయాడు. ఇంగ్లండు, వేల్స్ ప్రాంతాలలో 1938లో విడాకుల సంఖ్య 6 వేల పైచిలుకు ఉండగా, 1947లో అది 60 వేలకు చేరింది.

ఈ నేపథ్యంలో 1948లో కుటుంబ చర్చా కేంద్రం అనదగిన 'ఫ్యామిలీ డిస్కషన్ బ్యూరో' ఏర్పడింది. దీనికి సారథ్యం వహించిన ఎనిడ్ ఐక్‌హోల్జ్ తరువాత మనోవిశ్లేషకుడు మైకేల్ బాలింట్‌ను వివాహమాడి ఎనిడ్ బాలింట్‌గా ప్రసిద్ధి పొందింది. బాంబు దాడులలో ఇళ్ళు కోల్పోయిన కుటుంబాల మధ్య పనిచేసిన సామాజిక కార్యకర్తలే ఈ కేంద్రానికి బలం. సహాయం కోసం వచ్చిన జంటలలో భర్తతో ఒక కార్యకర్త, భార్యతో మరొక కార్యకర్త విడివిడిగా మాట్లాడేవారు. ఆ తరువాత కార్యకర్తలిద్దరూ కూర్చుని తాము విన్నది పోల్చి చూసుకునేవారు.

ఇక్కడ ఒక చిత్రమైన సంగతి బయటపడింది. ఆ జంట మధ్య ఉన్న తగాదా కొన్నిసార్లు కార్యకర్తలిద్దరి మధ్యకూ వచ్చి చేరేది. అంతవరకు స్నేహంగా ఉన్న ఇద్దరు సహోద్యోగులు, ఫలానా జంట గురించి చర్చించే వేళకు ఒకరినొకరు దెప్పుకోవడం, తప్పించుకోవడం మొదలుపెట్టేవారు. ఇది కార్యకర్తల లోపమని వారు కొట్టిపారేయలేదు. ఒక యంత్రం కంపనం పక్క యంత్రంలో ప్రతిధ్వనించినట్లు, ఆ జంట నోటితో చెప్పలేకపోయిన విషయమే వీరి ద్వారా వ్యక్తమవుతున్నదని గ్రహించారు. ఆ సంస్థ పరంపరకు చెందిన జానెట్ మాటిన్సన్ 1975లో ఈ 'ప్రతిబింబ ప్రక్రియ' గురించి ఒక పుస్తకమే రాసింది. ఆనాటి బ్యూరో పేరు మార్చుకుంటూ నేడు 'టావిస్టాక్ రిలేషన్‌షిప్స్' పేరిట లండన్‌లో పనిచేస్తున్నది.

మూడు అంతస్తులు

అదే కాలంలో టావిస్టాక్ క్లినిక్‌లో డాక్టర్ హెన్రీ డిక్స్ దంపతులను పరిశీలించడం ప్రారంభించాడు. మొదట విడివిడిగా, తరువాత ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టి మాట్లాడాడు. సుమారు రెండు దశాబ్దాల అనుభవాన్ని క్రోడీకరించి 1967లో 'మారిటల్ టెన్షన్స్' అనే గ్రంథాన్ని వెలువరించాడు. వివాహ బంధానికి మూడు అంతస్తులు ఉంటాయని ఆయన చెప్పాడు.

మొదటి అంతస్తు సామాజికమైనది. కులం, మతం, చదువు, ఆర్థిక స్తోమత, ఆచార వ్యవహారాలు. మన పెళ్ళి సంబంధాలలో పెద్దలు కూర్చుని చూసేది చాలావరకు ఈ అంతస్తునే. రెండవది వ్యక్తిగతమైనది. స్వభావాలు, అభిరుచులు, భర్త ఇలా ఉండాలి, భార్య అలా ఉండాలి అనే స్పష్టమైన అభిప్రాయాలు. మూడవది అచేతనమైనది. చిన్ననాటి బంధాలు మనసులో మిగిల్చిన ముద్రలు, తీరని ఆకలి, ఎవరికీ చూపకుండా దాచుకున్న భయాలు ఇందులో ఉంటాయి. మొదటి రెండు అంతస్తులలో పొత్తు కుదరకపోయినా మూడవ అంతస్తులోని బంధం బలంగా ఉండి నిలిచిన కాపురాలు ఉన్నాయి. పై రెండు అంతస్తులలో అన్నీ కుదిరీ, మూడవదానిలో రగులుతూ ఉండే కాపురాలూ ఉన్నాయి. "అన్నీ ఉన్నాయి, మరి వీళ్ళకేం తక్కువ?" అని బంధువులు ఆశ్చర్యపడేది ఈ రెండో రకాన్ని చూసే.

ఈ మూడవ అంతస్తులో జరిగే వ్యవహారాన్ని వివరించడానికి డిక్స్ ఇద్దరి సిద్ధాంతాలను ఆధారం చేసుకున్నాడు. ఒకరు ఎడింబరోకు చెందిన రొనాల్డ్ ఫెయిర్‌బెర్న్. మనిషికి మూలమైన అవసరం సుఖం కాదనీ, మరొక మనిషితో బంధమనీ ఆయన వాదించాడు. రెండవవారు మెలనీ క్లైన్. తనలో ఉన్నదని ఒప్పుకోలేని భావాన్ని మనిషి ఎదుటివారిలోకి నెట్టివేస్తాడనీ, ఆపైన వారిలో దానిని చూసి భయపడతాడనో కోపగిస్తాడనో 1946 నాటి వ్యాసంలో ఆమె ప్రతిపాదించింది. దీనిని ప్రక్షేపణ అంటున్నాం. దంపతుల విషయంలో ఇది మరొక అడుగు ముందుకు వేస్తుంది. నెట్టిన భావాన్ని ఎదుటివారు నిజంగానే మోయడం మొదలుపెడతారు. ఇద్దరి మధ్యా ఎవరూ నోరువిప్పి చేసుకోని ఒక మౌన ఒప్పందం కుదురుతుంది.

ఒక ఉదాహరణ

ఇదంతా గాలిలో మాటలుగా మిగలకుండా ఒక జంటను ఊహించుకుందాం. వీరు ఎవరో ఒక ఫలానా జంట కారు. ఏ టౌన్‌షిప్‌లోనైనా ఉండదగినవారు.

భర్త షిఫ్టు ఉద్యోగి. పన్నెండో ఏట తండ్రి పోయాడు. పెద్దకొడుకు కనుక ఏడవకూడదని అందరూ చెప్పారు, అతను ఏడవలేదు. మేనమామ ఇంట కొన్నాళ్ళు, పెదనాన్న ఇంట కొన్నాళ్ళు పెరిగి, ఎవరికీ బరువు కాకుండా ఉండడం నేర్చుకున్నాడు. భార్య నలుగురు అక్కచెల్లెళ్ళలో మూడవది. ఇంట్లో ఏ నిర్ణయమైనా ఆమెకు చివరిగా తెలిసేది. గొంతు పెంచితే తప్ప తన మాట ఎవరి చెవినా పడదన్న అనుభవంతో పెరిగింది. పెళ్ళిచూపుల నాడు ఆమె గలగలా మాట్లాడడం అతనికి నచ్చింది. అతని నెమ్మది ఆమెకు నచ్చింది. పదిహేనేళ్ళ తరువాత అతని ఫిర్యాదు ఆమె నోరు. ఆమె ఫిర్యాదు అతని మౌనం.

ఒకనాడు అతనికి బదిలీ ఉత్తర్వు వచ్చింది. ఇంటికి వచ్చి, భోజనం చేసి, పేపరు చదువుకుని పడుకున్నాడు. మర్నాడు పక్క క్వార్టరు వదినగారి ద్వారా భార్యకు ఆ కబురు తెలిసింది.

"ఏమండీ, ఊళ్ళో అందరికీ తెలిసిన తరువాతనా నాకు తెలియవలసింది?"

"చెబితే ఏం చేస్తావు? ఇదుగో, ఇలాగే అరుస్తావు."

అతను టిఫిను డబ్బా కూడా తీసుకోకుండా అరగంట ముందే షిఫ్టుకు వెళ్ళిపోయాడు. మూడు రోజులు మాటలు లేవు.

పెద్దలు పంచాయితీ చేస్తే తీర్పు సులభమే. అతను చెప్పి ఉండవలసింది, ఆమె అరవకుండా ఉండవలసింది. రెండు మాటలూ న్యాయమైనవే. ఇద్దరూ ఒప్పుకుంటారు కూడా. మూడు నెలల తరువాత మరొక విషయం మీద అదే కథ మళ్ళీ జరుగుతుంది.

మనోగతిక దృష్టితో చూస్తే ఇక్కడ మరొకటి కనిపిస్తుంది. ఊరు విడిచి వెళ్ళడం అతనికి కేవలం బదిలీ కాదు. పన్నెండో ఏట గుడ్డల సంచితో బంధువుల ఇళ్ళ మధ్య తిరిగిన రోజులు అందులో ఉన్నాయి. ఆ బాధ తనలో ఉన్నదని అతనికే తెలియదు. భార్యకు చెబితే ఆమె కంటతడి పెడుతుంది. ఆమె కంటతడి పెడితే తన లోపల కట్టిన గట్టు తెగుతుంది. అందుకే చెప్పలేదు. ఆమెకు ఆ మౌనం కేవలం మతిమరుపు కాదు. ఈ ఇంట్లో కూడా తాను లెక్కలోకి రాని మూడో పిల్లనేనన్న పాత తీర్పు. అందుకే అరిచింది. ఇద్దరి కన్నీళ్ళూ ఆమె ఒక్కతే కారుస్తున్నది. ఇద్దరి గాంభీర్యమూ అతను ఒక్కడే మోస్తున్నాడు. ఒక దూలం భారమంతా రెండు ఆధారాల మీద సమంగా పడక, ఒకరకం భారం ఒకదానిమీద, మరొక రకం రెండవదానిమీద పడితే ఆ కట్టడం నిలుస్తుంది గాని, పగుళ్ళు తప్పవు.

అతను ఆమెలో ఇష్టపడినదీ, ఆమెలో భరించలేనిదీ ఒక్కటేనన్న సంగతి గమనించదగినది. డిక్స్ పరిశీలనలలో ముఖ్యమైనది ఇదే. మనం వదులుకున్న మన సగాన్ని ఎదుటివారిలో చూసి ఆకర్షితులమవుతాం. కొంతకాలానికి ఆ సగాన్నే వారిలో ఉంచి నిందిస్తాం.

చికిత్స గదిలో జరిగేది

ఈ చికిత్సకు దంపతులిద్దరూ కలిసి, సాధారణంగా వారానికొకసారి, గంటకు కాస్త తక్కువ సమయం పాటు కూర్చుంటారు. కొన్ని నెలల నుంచి ఏడాది, రెండేళ్ళ వరకు ఇది సాగవచ్చు. చికిత్సకులు న్యాయమూర్తి కారు. ఎవరిది తప్పో చెప్పరు. సలహాల జాబితా చేతికివ్వరు. ఎవరి పక్షమూ వహించకుండా, ఇద్దరి మధ్య ఉన్న బంధాన్నే మూడవ మనిషిలా ఎదుట కూర్చోబెట్టుకుని చూస్తారు.

పైన చెప్పుకున్న జంటే అక్కడ కూర్చున్నదనుకుందాం. "ఆ ఉత్తర్వు చేతికి అందినప్పుడు మీకు ఏమనిపించింది?" అని చికిత్సకురాలు భర్తను అడుగుతుంది. "ఏమీ అనిపించలేదు" అంటాడతను. ఆ మాట పూర్తయ్యేలోగా భార్య కళ్ళు చెమ్మగిల్లుతాయి. చికిత్సకురాలు ఆ రెండింటినీ కలిపి చూపుతుంది. "మీకు ఏమీ అనిపించలేదన్నారు. మీ పక్కన ఆమె ఏడుస్తున్నారు. ఈ గదిలో ఉన్న దుఃఖం ఎవరిది?" ఇంట్లో వందసార్లు జరిగినదే అక్కడా జరిగింది. తేడా ఏమంటే, ఈసారి అది జరుగుతూ ఉండగా చూసే మూడో మనిషి ఉన్నది. యంత్రాన్ని ఆపి విప్పి చూస్తే దొరకని దోషం, నడుస్తున్న స్థితిలో చూస్తే దొరుకుతుంది.

ఆ ప్రశ్నకు ఆ రోజే జవాబు రాకపోవచ్చు. నాలుగు వారాల తరువాత అతను తండ్రి పోయిన రోజు గురించి చెప్పవచ్చు. భార్యకు ఆ సంఘటన తెలుసు. కాని అతని నోట అలా వినడం మొదటిసారి కావచ్చు. ఆ తరువాత ఆమె అరుపు తగ్గితే దానికి కారణం ఎవరో వద్దన్నందువల్ల కాదు. అరవవలసిన అవసరం తగ్గినందువల్ల. చికిత్సకులు తమలో కలిగే భావాలను కూడా గమనించుకుంటారు. ఒకరిమీద అకారణంగా విసుగు కలిగితే, ఆ ఇంట్లో ఆ మనిషి ఏ స్థానంలో ఉన్నారో దానినిబట్టి అంచనా వేస్తారు.

ఫలితాల మాట

ఇంజనీరు అన్నవాడు ఏ పద్ధతినైనా ఫలితాన్ని బట్టి చూస్తాడు. ఈ విషయంలో అమెరికాలో డగ్లస్ స్నైడర్ బృందం జరిపిన ప్రయోగం చెప్పుకోదగినది. 79 జంటలను తీసుకుని, కొందరికి మాటతీరు, ఒప్పందాలు, సమస్యా పరిష్కారం నేర్పే ప్రవర్తనా చికిత్సను, కొందరికి లోపలి కారణాలను తెలియజెప్పే అవగాహనా చికిత్సను ఇచ్చారు. కొందరిని వేచి ఉండమన్నారు. 1989లో ప్రకటించిన తొలి ఫలితాలలో, చికిత్స పొందిన రెండు వర్గాలూ దాదాపు సమానంగా బాగుపడ్డాయి. నాలుగేళ్ళ తరువాతి ఫలితాలు 1991లో వచ్చాయి. ప్రవర్తనా చికిత్స పొందినవారిలో 100కి 38 జంటలు విడిపోగా, అవగాహనా చికిత్స పొందినవారిలో 100కి 3 మాత్రమే విడిపోయాయి.

ఈ అంకెలు చూసి తొందరపడకూడదు. జంటల సంఖ్య చిన్నది. పైగా, ప్రవర్తనా చికిత్సలో ప్రముఖుడైన నీల్ జేకబ్సన్ ఈ పోలికకే అభ్యంతరం చెప్పాడు. అవగాహనా చికిత్స అని పేరు పెట్టినదానిలో, అనుభవజ్ఞులైన ప్రవర్తనా చికిత్సకులు మామూలుగా చేసే పనులు కూడా ఉన్నాయని ఆయన వాదం. అయినా ఆయన అక్కడ ఆగలేదు. ఆండ్రూ క్రిస్టెన్సెన్‌తో కలిసి, మార్చుకోవలసినవాటితో పాటు ఒకరినొకరు అంగీకరించడానికీ చోటిచ్చే కొత్త పద్ధతిని రూపొందించాడు. రెండు వైపుల నుంచి తవ్వుకుంటూ వచ్చిన సొరంగాలు మధ్యలో కలిసినట్లు ఈ రెండు మార్గాలూ కొంత దగ్గరయ్యాయి.

మరొక దారి జాన్ బౌల్బీ వేసినది. తల్లినుంచి వేరైన పసిపిల్లల దుఃఖాన్ని పరిశీలించి ఆయన అనుబంధ సిద్ధాంతాన్ని ప్రతిపాదించాడు. దాని తొలి సంపుటం 1969లో వెలువడింది. పెద్దల ప్రేమలోనూ అదే అనుబంధం పనిచేస్తుందని హేజన్, షేవర్ అనే పరిశోధకులు 1987లో చూపారు. 1980 దశకంలో సూ జాన్సన్, లెస్లీ గ్రీన్‌బర్గ్ రూపొందించిన భావ కేంద్రిత చికిత్స కూడా తరువాత ఈ సిద్ధాంతాన్నే పునాదిగా చేసుకుంది. తగాదాలో "నీకు బుద్ధి లేదు" అన్న మాట కింద "నేను పిలిస్తే పలుకుతావా?" అన్న ప్రశ్న దాగి ఉంటుందన్నది దాని సారాంశం.

మన ఇళ్ళలో

ఇదంతా లండన్, అమెరికాల సంగతి. సంబంధాలు పెద్దలు కుదిర్చే మన సమాజానికి వర్తిస్తుందా అన్న సందేహం సహజం. మన మనోవిశ్లేషకుడు సుధీర్ కాకర్ దీనికి సమాధానం వెదికాడు. 2024లో కన్నుమూసిన ఆయన, 1989 నాటి 'ఇంటిమేట్ రిలేషన్స్' అనే గ్రంథంలో ఢిల్లీ పేదవాడలలోని స్త్రీల మాటలను పరిశీలించాడు. ఎన్ని కష్టాల మధ్యనైనా వారు కోరుకున్నది 'జోడీ' అని గ్రహించాడు. ఉమ్మడి కుటుంబం నడుమ భర్తా తానూ కలిసి ఒక చిన్న ప్రపంచం కావాలన్న ఆ కోరికను ఆయన ఆధునిక మోజుగా చూడలేదు.

కుటుంబాన్ని వైద్యంలో భాగం చేసుకోవడం కూడా మనకు కొత్త కాదు. 1950 దశకంలో అమృత్‌సర్ మానసిక వైద్యశాలలో డాక్టర్ విద్యాసాగర్ ఆవరణలోనే గుడారాలు వేయించి, రోగులతో పాటు వారి బంధువులను ఉంచి చికిత్స చేశాడు. బెంగళూరు నిమ్హాన్స్‌లో కుటుంబ మనోవైద్యానికి ప్రత్యేక కేంద్రం ఉంది. కుటుంబ న్యాయస్థానాల చట్టం 1984లో వచ్చింది. వివాదాన్ని తేల్చేముందు రాజీకి ప్రయత్నించడం న్యాయస్థానం బాధ్యతగానూ, సలహాదారులను నియమించడం అవసరంగానూ అది గుర్తించింది. అయితే న్యాయస్థానం మెట్లు ఎక్కేనాటికి చాలా జంటలు మాట వినే స్థితి దాటిపోతున్నారు.

మన సంస్థలలో ఈ విషయానికి మరింత ప్రాధాన్యం ఉంది. రాత్రి షిఫ్టులు, బదిలీలు, ఒకరు ఒక ఊరిలో, పిల్లల చదువు కోసం ఒకరు మరొక ఊరిలో కాపురం ఉండడం మనకు మామూలు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగులైతే వేర్వేరు షిఫ్టులలో తాళంచెవి మార్చుకునేంత సేపే కలుసుకునే వారాలూ ఉంటాయి. ఆ హడావుడిలో మూడవ అంతస్తులోని సమస్యలు వాయిదా పడతాయి, మాయం కావు. అరవయ్యో ఏట పదవీ విరమణ సన్మానం జరిగి, శాలువా, జ్ఞాపికతో ఇంటికి వచ్చిన మర్నాటి నుంచి ఇద్దరూ రోజంతా ఒకరి ఎదుట ఒకరు. వంటింట్లో డబ్బాల అమరిక మీద మొదలైన విమర్శ ముప్పయ్యేళ్ళ లెక్కలను బయటికి లాగవచ్చు. భవిష్యనిధి లెక్కలు వేసుకున్నంత శ్రద్ధగా ఈ లెక్కను కూడా ముందే చూసుకోవడం మంచిది.

హద్దులు

ప్రతి ఔషధానికీ వాడకూడని సందర్భాలు ఉంటాయి. ఇంట్లో కొట్టడం, బెదిరించడం ఉన్నచోట ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టే చికిత్స తగదు. గదిలో చెప్పిన నిజానికి ఇంటికి వెళ్ళాక దెబ్బ తినవలసి రావచ్చు. అక్కడ మొదటి పని రక్షణ. అందుకు 2005 నాటి గృహ హింస నిరోధక చట్టం ఉంది. మహిళల సహాయానికి 181 నంబరు ఉంది. చిన్ననాటి గాయం హింసను అర్థం చేసుకోవడానికి పనికిరావచ్చు గాని, క్షమించడానికి కారణం కాజాలదు. తాగుడు వ్యసనమైనా, తీవ్ర మానసిక వ్యాధి అయినా ముందు వాటికి వైద్యం జరగాలి.

ఈ చికిత్స కాలం తీసుకుంటుంది, ఖర్చూ ఉంటుంది. శిక్షణ పొందిన చికిత్సకులు పెద్ద నగరాలలో తప్ప సులభంగా దొరకరు. ఇటువంటి చికిత్స తరువాత విడిపోవడమే మంచిదని ఇద్దరూ నిర్ణయించుకునే సందర్భాలూ ఉంటాయి. అయితే ఎందుకు విడిపోతున్నామో తెలిసి విడిపోయిన తల్లిదండ్రులు పిల్లలను ఆయుధాలుగా వాడుకునే అవకాశం తక్కువ.

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనివారికి కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలి మానస్ సేవ 14416 నంబరులో ఉచితంగా అందుతుంది, తెలుగులో మాట్లాడవచ్చు. విశాఖపట్నం, హైదరాబాద్ ఎర్రగడ్డలోని ప్రభుత్వ మానసిక వైద్యశాలలలో నిపుణులను సంప్రదించవచ్చు.

మనం చేయగలిగినది

ప్రతి జంటా చికిత్స గదికి వెళ్ళనక్కరలేదు. ఈ విద్య నుంచి ఇంటికి తెచ్చుకోదగిన కొన్ని ప్రశ్నలు ఉన్నాయి. ఈ కలహం కొత్తదా, పాతదే కొత్త బట్టలు కట్టుకుని వచ్చిందా? ఇప్పుడు నాకు కలిగిన కోపం ఎదుట జరిగినదానికి తగినంతే ఉన్నదా, ఎక్కువగా ఉన్నదా? ఎక్కువగా ఉంటే ఆ మిగులు ఏ ఖాతాది? నా భార్యలో, నా భర్తలో నేను భరించలేనిది ఒకప్పుడు నాకు నచ్చినదేనా? ఈ ప్రశ్నలు తనకు తాను వేసుకోవలసినవి. ఎదుటివారి మీద ప్రయోగిస్తే ఇవే ఆయుధాలవుతాయి. "ఇది నీ చిన్ననాటి సమస్య" అని తగాదా మధ్యలో అనడం కన్నా మౌనమే మేలు.

ఇంటి గుట్టు లంకకు చేటు అన్న సామెతను అడ్డం పెట్టుకుని ఎన్నో జంటలు సాయం అడగకుండానే జీవితం వెళ్ళబుచ్చుతున్నాయి. గుట్టు వీధిలో పెట్టడం వేరు, నమ్మదగిన నిపుణుని ముందు విప్పడం వేరు. రక్తపోటు చూపించుకోవడానికి మనం సిగ్గుపడడం లేదు. బాయిలరు తనిఖీకి గడువు దాటనివ్వడం లేదు. ఒక జీవితకాలం నడవవలసిన దాంపత్యానికి కూడా అంత శ్రద్ధ చూపడం గౌరవహీనం కాదు. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని, మాట్లాడవలసిన మాట ఇన్నాళ్ళూ ఎందుకు మాట్లాడలేదో అడుగుకోవడంతో ఆ పని మొదలుపెట్టవచ్చు.